కుర్సురాలో ఊపిరి పాఠం

మల్లాపూర్ నుంచి విశాఖ వెళ్లినప్పుడు పిల్లలను రామకృష్ణా బీచ్‌లోని ఐఎన్ఎస్ కుర్సురా చూడటానికి తీసుకెళ్లాను. 91 మీటర్ల ఈ సోవియట్ తయారీ జలాంతర్గామి 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు పనిచేసి 2001లో విరమించింది. 2002 ఆగస్టు నుంచి మ్యూజియంగా ఉంది.

లోపల ఒక గదిలోంచి మరో గదికి గుండ్రటి ద్వారంలో వంగి దూరాలి. చుట్టూ పైపులు, మీటర్లు, వాల్వులు. ఈ ఇరుకులోనే 75 మంది దాకా ఉండేవారట. ముందు గదిలో ఆరు టార్పెడో గొట్టాలు చూడగానే మా మేనల్లుడు అడిగాడు: "మామా, ఇది మునిగిపోతే లోపలోళ్లు ఎట్ల బయటికొస్తరు?"

పక్కనే ఉన్న మాజీ నావికుడు గొట్టం చూపించారు. "ఇందులోంచే బాబూ."

ఆ గొట్టం వ్యాసం 533 మిల్లీమీటర్లు. సూటు వేసుకుని, శ్వాస పరికరం తగిలించుకుని అందులోకి పాకాలి. వెనక మూత బిగించి నీళ్లు నింపుతారు. లోపలి ఒత్తిడి బయటి సముద్రంతో సమానమయ్యాకే ముందు మూత తెరుచుకుంటుంది. 1981 అక్టోబరులో వ్లాదివొస్తోక్ దగ్గర సోవియట్ జలాంతర్గామి ఎస్-178 మునిగి 32 మంది చనిపోయారు. బతికినవాళ్లలో పలువురు టార్పెడో గొట్టం గుండానే బయటపడ్డారు.

సోవియట్ నావికులు వాడిన ఐడీఏ-59 శ్వాస పరికరంలో వదిలిన ఊపిరి వృథా కాదు. అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను రసాయనం పీల్చేసుకుంటుంది. తగ్గిన ఆక్సిజన్‌ను సిలిండర్ భర్తీ చేస్తుంది. లోతులో ఒత్తిడికి తగినట్టు హీలియం, నైట్రోజన్ కలిపిన వాయువు మరో సిలిండర్‌లోంచి వస్తుంది.

మా దిక్కు పాత బావిలో దిగేముందు లాంతరు దించి చూస్తారు. దీపం ఆరితే గాలి చెడిందని ఎవరూ దిగరు. మునిగిన జలాంతర్గామిలో ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. వాళ్లు వదిలిన ఊపిరే అక్కడ విషమవుతుంది. తలనొప్పి, ఆయాసం, తర్వాత మగత. 1939లో బ్రిటన్ జలాంతర్గామి థెటిస్ మునిగినప్పుడు తోక భాగం నీటిపైనే కనిపించింది. డేవిస్ శ్వాస పరికరాలూ లోపల ఉన్నాయి. అయినా 103 మందిలో బయటపడింది నలుగురే. పరికరం చేతిలో ఉన్నా, దాన్ని వాడే సత్తువను చెడిన గాలి ముందే హరించింది.

2000 ఆగస్టులో రష్యా జలాంతర్గామి కుర్స్క్‌లో పేలుళ్ల తర్వాత 23 మంది చివరి గదికి చేరుకున్నారు. గాలిని శుద్ధి చేసే రసాయన పలక నూనె తేలే నీటిని తాకి మంటలు లేచాయి. ఊపిరి ఇవ్వాల్సిందే ప్రాణం తీసింది. మొత్తం 118 మందీ చనిపోయారు.

అందుకే పరికరం ఒక్కటే చాలదు. చీకట్లో, చలిలో తడుముకుంటూ కూడా వాడగలిగేంత సాధన కావాలి. పైకి తేలేటప్పుడు ఊపిరి బిగబడితే వ్యాకోచించే గాలి ఊపిరితిత్తులను చీలుస్తుందన్న ఎరుక కావాలి. నీటిపైన రక్షణ నౌక సిద్ధంగా ఉండాలి.

విశాఖలోనే హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టిన ఐఎన్ఎస్ నిస్తార్ 2025 జులై 18న నౌకాదళంలో చేరింది. 650 మీటర్ల లోతుకు దిగి నావికులను తీసుకురాగల రక్షణ వాహనానికి అది తల్లి నౌక. తెలుగు గడ్డ మీద మన కార్మికులు కట్టిన ఈ ఓడ గురించి బడిపిల్లలందరికీ తెలియాలి.

కుర్సురాకు వెళ్తే ఫొటోలతో సరిపెట్టకండి. టార్పెడో గొట్టం దగ్గర ఆగి, లోపలివాళ్లు ఎలా బతికి బయటపడతారో అక్కడి మాజీ నావికులను అడగండి.