ఎవరివీ కాని మెట్లు

ఏలూరు ఆర్.ఆర్.పేటలో పాత కాంప్లెక్సులు చాలావాటిది ఒకటే వరస. ఆడిటరు గారి గదిలో ఏసీ, డాక్టరు గారి రిసెప్షన్‌లో కొత్త టైల్స్, ఇన్సూరెన్సు ఆఫీసుకి అద్దాల తలుపు. బయట వరండాలో మాత్రం కాలిపోయిన ట్యూబులైటు, మెట్ల మలుపులో కిళ్లీ మరకలు. అవి కడగడం ఎవరి అద్దెలోనూ లేదు మరి!

2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు కైకలూరు, నూజివీడు ఇందులో కలిశాయి. అటువైపు జనం కూడా పనుల మీద ఇక్కడికే రావాలి. కొల్లేటి లంకల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పెద్దాయన మూడో అంతస్తు ఎక్కి ఎక్కడ కూర్చోవాలి? ఏ గది ఎవరిదో తెలుగులో రాసిన బోర్డు కూడా కింద ఉండదు.

బాగుచేయిద్దామంటే యజమానికి ముందు గ్రానైటే గుర్తొస్తుంది. వానాకాలం తడి చెప్పులతో దాని మీద నడిచి చూడాలి. నన్నడిగితే గరుకు టైల్, చేతికందే రెయిలింగు, రెండు బల్లలు, తాళం వేయని మరుగుదొడ్డి చాలు. గోడకి ఫ్లెక్సీ బదులు ఏలూరు తివాచీ ఒకటి వేలాడదీస్తే ఊరి పేరూ నిలుస్తుంది.

అసలు గొడవ ర్యాంపుతో. వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు. మూడడుగుల అరుగెక్కడానికి కనీసం ముప్పయ్యారు అడుగుల పొడవు, అంటే పార్కింగులో కోత. 2016 వికలాంగుల హక్కుల చట్టం జనం వచ్చిపోయే ప్రైవేటు భవనాలకూ వర్తిస్తుంది కాబట్టి ఆ కోత తప్పదు.

అద్దెకుండేవారికి ఒక మాట: ఈసారి ఒప్పందంలో వరండా, మెట్ల నిర్వహణ ఎవరిదో రాయించుకోండి.