బండ ముందు రెండు వాదాలు

శివరాత్రి వెళ్లి చలి వెనకపట్టిన రోజులు. గుంటూరులో బస్సెక్కి, చిలకలూరిపేట దాటి, అద్దంకి దారి పట్టేసరికి రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి చేలు, కళ్లాల నిండా ఆరబోసిన మిరపకాయలు. దూరానికి ఎవరో ఎర్రచీరలు పరిచినట్టు ముచ్చటగానే ఉంటుంది గాని, దగ్గరకు పోతే ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకోక తప్పదు. పత్తి తీతలు అయిపోవచ్చాయి. రైతుకు నాలుగు రోజుల తీరిక చిక్కే కాలమిది. ఎడ్ల పందేలకు ఇదే అదను.

"పాఠాలు రోజూ ఉండేవే. ఒకసారి వచ్చి బండలాగుడు చూసి పోరా!" అని మా మేనమామగారు కబురు పెడితే ఆ ఊరి తిరునాళ్లకు వెళ్లాను.

ఈ పందెం ఎరగని చదువరులకు రెండు మాటలు చెప్పాలి. ఎడ్లను పళ్లను బట్టి విభాగిస్తారు: పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు, ఆరు, ఆపైన పెద్దవి. పెద్దవాటి బండ టన్నుకు మించే ఉంటుంది. ఒక్కో జత విడిగా దిగి, గడువులోగా బరి ఈ కొసనుంచి ఆ కొసకు బండను లాగుతూ, మళ్లుతూ పోవాలి. మొత్తం మీద ఎక్కువ దూరం లాగినదే గెలుపు. ఆనాటి గడువు ఇరవై నిమిషాలు.

అన్నీ ఒంగోలు గిత్తలే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోది. అందుకే సముద్రాలు దాటి బ్రెజిలు చేరిన మన పశువులకు అక్కడ 'నెలోర్' అనే పేరు స్థిరపడింది.

బరిలో ఎడ్లు లాగుతుంటే, గట్టుమీద నోళ్లు లాగుతున్నాయి. మా మామయ్యకూ, వరసకు బావ అయ్యే ఒక పెద్దాయనకూ వాదు పడింది.

"మొదటి పది నిమిషాలూ దౌడు తీయించాలి బావా! ఒంట్లో వేడి ఉన్నప్పుడే దూరం కూడగట్టుకోవాలి," అన్నాడాయన.

"ఊపిరంతా ముందే ఊడ్చేస్తే చివరికేం మిగులుద్ది? మలుపు దగ్గర ఒక్క క్షణం ఆపి తోలేవాడే తోలేవాడు," అన్నాడు మామయ్య.

చుట్టూ ఉన్న జనం రెండు పక్షాలైపోయారు. తోలేవాడికి వినపడదని తెలిసీ అందరూ సలహాలు చెప్పేవారే!

నాకు హైదరాబాదు ఫుట్‌బాల్ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం జ్ఞాపకం వచ్చారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో, తలకు గాయమైన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగును ఆయన ముందు వరుసలో నిలిపారు. జర్నైల్ ఒక గోలు చేశాడు. దక్షిణ కొరియామీద మనవాళ్లు 2-1తో గెలిచారు. ఓడి ఉంటే ఆ ఎత్తును జనం ఏమనేవారో ఈ గట్టుమీద కూర్చుంటే తెలుస్తుంది. గెలిస్తే యుక్తి, ఓడితే తెలివితక్కువ!

దౌడు తీసిన జత చివరి నిమిషాల్లో దాదాపు ఆగిపోయింది. అయినా ముందు కూడగట్టిన దూరం దానికి అండగా నిలిచింది. తరవాత నిదానంగా మొదలుపెట్టిన జత చివరిదాకా ఒకే ఊపున లాగి, నలభై అడుగుల తేడాతో ఓడింది.

"ఏం బావా, ఇప్పుడేమంటావు?" అన్నాడు పెద్దాయన మీసం సవరిస్తూ.

"పందెం నీదే బావా," అని మామయ్య లేచాడు. కాని గెలిచిన జత దగ్గరకు పోలేదు. ఓడిన ఎడ్ల దగ్గరకు వెళ్లి, దాపటి గిత్త మోకాళ్లు నిమిరి చూశాడు.

ఇంటికి నడుస్తుంటే ఆయనే చెప్పాడు. పాతికేళ్లనాడు తానూ దౌడు తీయించి గెలిచాడట. ఆ రాత్రే దాపటి ఎద్దు కూలబడిందట. తరవాత లేచింది గాని, మళ్లీ కాడి మోయలేదు. ఆ ఏడే ట్రాక్టరు కొన్నారు.

"మరి బహుమతి?" అన్నాను.

"ఇత్తడి బిందె. మీ అత్తయ్య దాన్ని ఇప్పటికీ వాడదు," అన్నాడు.

ఇల్లు చేరాక చూశాను. బిందె అటకమీద బోర్లించి ఉంది. పెరట్లో ఖాళీ గాటికి పక్కన మామయ్య మంచం వేసుకుని పడుకున్నాడు.