యాంటెనా ఏ దిక్కుకు తిప్పాల?

పోయిన వారం వాట్సాప్ గుంపులో ఉగాది ఖర్చు గురించి నడిచిన మాటలన్నీ చదివినాము. మేము అంటే మేమిద్దరమూ. ఇంట్లో మాట్లాడుకొని, కొట్లాడుకొని రాసిందే ఇది. అక్కడ రెండు ముక్కల్లో చెప్తే కోపంగా వినిపిస్తుందని ఇక్కడ పొడుగ్గా రాస్తున్నాము. కాఫీ పెట్టుకొని కూర్చోండి.

కోడలి రెండో కాన్పుకని కార్డిఫ్ పోయి మూడు నెలలు ఉండి వచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. అక్కడ పెద్ద మనవరాలికి నాలుగేళ్లు. పొద్దున లేస్తూనే టీవీ ముందర కూర్చుంటుంది. పసుపుపచ్చ కోడిపిల్ల బొమ్మ ఒకటి, దాని పేరే ‘క్యూ’, అదే ఆ పిల్లల కార్యక్రమానికి పేరు కూడా. మొదట మేము ఇంగ్లీషే అనుకున్నాము, మనకు అర్థం కాని యాస ఏదో అని. వారం గడిచినాక తెలిసింది, అది ఇంగ్లీషు కాదు, వెల్ష్ భాష. పాప మాతో ‘బోరె దా’ అనేది, శుభోదయం అని. కిటికీలో సీతాకోకచిలుకను చూపిస్తే ‘పిలిపాలా’ అని గంతులేసింది. “తెలుగులో ఏమంటారు చిన్నీ?” అని అడిగితే అమ్మ మొహం చూసింది.

బాధపడినామా అంటే పడినాము. కానీ అంతకన్నా ఆశ్చర్యమే ఎక్కువ. ఇంగ్లీషు పుట్టిన దేశంలో, ఇంగ్లీషుకు ఆనుకొని ఉన్న అంత చిన్న భాషకు పొద్దున్నే పిల్లలను కూర్చోబెట్టుకునేంత టీవీ ఎక్కడినుంచి వచ్చింది?

పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది, పశ్చిమ వేల్స్ పల్లె మనిషి. సాయంత్రాలు కంచె దగ్గర నిలబడి చెప్పేది. తర్వాత అబ్బాయి చేత పుస్తకాలు తెప్పించుకొని కొంత చదివినాము. ఆ కథ మన కథకు ఎంత దగ్గరో చెప్పాలనే ఈ రాత.

బీబీసీ టీవీ 1936లో లండన్‌లో మొదలైంది. యుద్ధంలో ఆపేసి 1946లో మళ్లీ తెరిచినారు. వేల్స్‌కు 1952లో వెన్వో టవరు వచ్చినాక చేరింది. మరుసటి ఏడు రాణి పట్టాభిషేకం చూడాలని దేశమంతా టీవీలు కొనింది. ఆ పెట్టె మాట్లాడింది మాత్రం ఇంగ్లీషే. అంతవరకు చర్చిలో, వంటింట్లో, గొర్రెల సంతలో వెల్ష్ మాట్లాడినవాళ్ల ఇళ్లలోకి సాయంత్రం పూట ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. 1911 జనాభా లెక్కల్లో వేల్స్‌లో నూటికి 43 మందికి పైగా ఆ భాష మాట్లాడేవాళ్లు. 1961కి 26 మంది, 1981కి 19 మంది. అంతా టీవీ తప్పే అనడం న్యాయం కాదు. బడులు, బొగ్గు గనులకు వచ్చిన వలసలు, ఇంగ్లీషుతోనే ఉద్యోగం అనే నమ్మకం, ఇవన్నీ ముందునుంచీ ఉన్నాయి. అయితే మిగతావన్నీ వీధిలో ఉండిపోయినాయి, టీవీ నడింట్లోకి వచ్చింది.

1962లో సాండర్స్ లూయిస్ అనే రచయిత రేడియోలో ఒక ప్రసంగం చేసినాడు. ఇదే తీరుగా పోతే ఇరవై ఒకటో శతాబ్దం మొదలయ్యేసరికి వెల్ష్ బతికున్న భాషగా మిగలదని చెప్పినాడు. ఆ మాటకు కుర్రవాళ్లు కదిలి అదే ఏడు వెల్ష్ భాషా సంఘం పెట్టుకున్నారు. 1964లో బీబీసీ వేల్స్‌కు వేరే టీవీ సేవ తెచ్చింది, దాంట్లో కొంచెం వెల్ష్ కలిపింది. అక్కడే అసలు తకరారు. వెల్ష్ కార్యక్రమం వచ్చే గంటలో మామూలు ఇంగ్లీషు కార్యక్రమం పోయేది. వెల్ష్ రానివాళ్లకు కోపం. చాలామంది యాంటెనా ఇంగ్లండ్ టవరు దిక్కుకు తిప్పేసుకున్నారు. పెద్దావిడ చెప్పింది, వాళ్ల చిన్నాన్న ఇంట్లో అందరూ వెల్ష్ మాట్లాడేవాళ్లే అయినా యాంటెనా మాత్రం తూర్పుకు తిరిగి ఉండేదంట. ఫుట్‌బాల్ పోతుందని!

ఈ మాట వినగానే మేమిద్దరమూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. మన హోసూరు మిద్దెల మీద యాంటెనాలు మరచిపోయినారా? బెంగుళూరు దూరదర్శన్ 1981లో వచ్చినాక అటు తిప్పితే కన్నడం. మద్రాసు కార్యక్రమాలు వచ్చినాక అది తమిళం. తెలుగు కావాలంటే ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషల సినిమా వేసేవాళ్లు కదా, దాంట్లో తెలుగు వంతు వచ్చేదాకా కాచుకోవాల. వచ్చిన రోజు వీధి వీధంతా మా ఇంట్లోనే. వాళ్లకు యాంటెనా తిప్పడానికి రెండు దిక్కులు ఉన్నాయి, మనకు ఎటు తిప్పినా మన దిక్కు లేదు. అదీ తేడా.

వాళ్లు ఊరికే ఉండలేదు. వెల్ష్‌కు ఒక పూర్తి చానల్ కావాలన్నారు. అక్కడ టీవీ చూడాలంటే ఏటా లైసెన్సు రుసుము కట్టాల (మన దగ్గర కూడా రేడియోకి పోస్టాఫీసులో కట్టేవాళ్లము, గుర్తుందా?). ఆ రుసుము కట్టము అని జరిమానాలు పడినారు, జైలుకు పోయినారు. టవర్లు ఎక్కినారు. 1979లో ముగ్గురు పెద్దమనుషులు, చదువుకున్నవాళ్లు, పెన్‌కారెగ్ అనే చోట టవరు గదిలోకి పోయి ప్రసారం ఆపేసినారు. ఎన్నికల ముందు కన్సర్వేటివ్ పార్టీ చానల్ ఇస్తామని మాట ఇచ్చింది. గెలిచిన నాలుగు నెలలకే హోం మంత్రి విలియం వైట్‌లా ఇచ్చేది లేదు అన్నాడు.

అప్పుడు గ్విన్‌వర్ ఎవాన్స్ ముందుకొచ్చినాడు. వేల్స్ జాతీయ పార్టీ ప్లైడ్ కమ్రీ తరఫున 1966లో మొదటిసారి పార్లమెంటుకు గెలిచిన మనిషి, అహింసావాది, 1979లో ఓడిపోయి ఇంట్లో ఉన్నాడు. చానల్ ఇవ్వకపోతే 1980 అక్టోబరు 6 నుంచి నిరాహారదీక్ష, ప్రాణం పోయేదాకా అని ప్రకటించినాడు. ఊరూరా సభలు పెట్టినాడు. లైసెన్సు కట్టమని సుమారు రెండు వేల మంది మాట ఇచ్చినారు. దీక్షకు మూడు వారాల ముందు, సెప్టెంబరు 17న, థాచర్ ప్రభుత్వం దిగొచ్చింది.

ఇది చెప్తూ పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. మేము పొట్టి శ్రీరాములు గారి గురించి చెప్పినాము. 1952లో మద్రాసులో 58 రోజులు తిండి మాని ప్రాణం వదిలినాడని, మరుసటి ఏడు అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని. “అయితే మీ భాషకు రాష్ట్రమే వచ్చింది కదా, మీరు అదృష్టవంతులు” అనింది ఆవిడ. ఆ గీత మా ఊరికి ఆవలి పక్కన పడింది, మేము ఈవలే ఉండిపోయినాము అని చెప్పడానికి మాకు చాలినంత ఇంగ్లీషు రాలేదు.

1982 నవంబరు 1న చానల్ మొదలైంది, పేరు ఎస్‌ఫోర్‌సీ. మొదటి సాయంత్రం మొదట్లోనే వేసింది ఏమో తెలుసా? మంత్రి ప్రసంగం కాదు, పాత గ్రంథాల చర్చ కాదు. సూపర్‌టెడ్ అని ఎలుగుబంటి బొమ్మ కార్టూను. మాకు నచ్చింది అదే. భాషను పటం కట్టి దండ వేయకుండా దాన్ని పిల్లల ముందర ఆడించినారు. మన పిల్లలు యూట్యూబ్‌లో చూసే ఫైర్‌మన్ సామ్ కూడా ఎస్‌ఫోర్‌సీ తీయించిందే, వెల్ష్‌లో వాడి పేరు సామ్ తాన్.

ఇక ‘పోబొల్ ఎ కుమ్’ అని ఒక సీరియల్. లోయలో మనుషులు అని అర్థం. 1974లో బీబీసీ మొదలుపెట్టింది, తర్వాత ఎస్‌ఫోర్‌సీకి వచ్చింది, ఇన్నేళ్లుగా నడుస్తానే ఉంది. ఒక పల్లె, ఒక సారాయంగడి, అత్తాకోడళ్ల రచ్చ. దాంట్లో మాట్లాడేది దక్షిణ వేల్స్ పల్లె యాస. ఉత్తరం వాళ్లకు కొన్ని మాటలు అందేవి కావంట. అయితే యాసను నున్నగా చేయలేదు. ఉత్తరం యాసతో ‘రౌండ్ ఆ రౌండ్’ అని ఇంకో సీరియల్ 1995లో తెచ్చినారు.

ఇప్పుడు మా ఇంట్లో సంగతి ఒకటి చెప్పాల. 1995లో ఈటీవీ వచ్చి, కేబుల్ వాళ్లు ఇక్కడ ఇచ్చినప్పుడు మా అత్త టీవీకి కుంకుమ పెట్టింది. నిజంగానే. తెలుగు ఇంట్లోకి వచ్చిందని. రెండేళ్లు తిరిగేసరికి మా పిల్లలు అవ్వ మాటకు నవ్వడం మొదలుపెట్టినారు. అవ్వ ‘ఎనుము’ అంటే ‘గేదె’ అని దిద్దేవాళ్లు. ‘చెనిక్కాయలు’ అంటే ‘పల్లీలు’ అనేవాళ్లు. ‘ఉండాది’ అంటే టీవీలో పనిమనిషి పాత్ర అట్ల మాట్లాడుతుందని వెక్కిరింత. కొన్నాళ్లకు అవ్వ పిల్లల ముందర మాట్లాడడమే తగ్గించింది. మేము ఊరుకున్నాము. మంచి తెలుగు నేర్చుకుంటున్నారులే అనుకున్నాము. తప్పు టీవీది కాదు, ఊరుకున్న మాది. ఈ మాట మేమిద్దరమూ ఇన్నేళ్లలో ఒకరికొకరం కూడా చెప్పుకోలేదు, కార్డిఫ్‌లో ఆ సీరియల్ చూస్తా చెప్పుకున్నాము.

ఎస్‌ఫోర్‌సీ వచ్చి వెల్ష్‌ను కాపాడేసిందని రాస్తే అబద్ధమవుతుంది. 2001 లెక్కల్లో నూటికి 20 దాటి కొంచెం పైకి లేచింది, 2021లో మళ్లీ 17.8కి దిగింది. ఇంట్లో మాట్లాడనిది టీవీ మాట్లాడించలేదు. కానీ ఆ భాషలో కెమెరా పట్టుకొని, కథలు రాసి, వేషాలు కట్టి కడుపు నింపుకునేవాళ్లు తయారైనారు. వెల్ష్ అంటే ముసలివాళ్ల భాష అనే మాట పోయింది. సాండర్స్ లూయిస్ గడువు పెట్టిన శతాబ్దంలో మా మనవరాలు, హోసూరు పిల్ల, ఆ భాషలో సీతాకోకచిలుకను పిలిచింది. మాకు ఆ లెక్క చాలు.

సరే, ఉగాది ఖర్చుకు వస్తాము. ఏటా సినిమా పాటల కచేరీకి పోయే డబ్బు మీకందరికీ తెలుసు. పాటలు వద్దని కాదు, మేమూ ముందు వరసలోనే కూర్చుంటాము. ఈ ఏడు దాంట్లో సగం తీసి మన ఊరి మాటలో పిల్లలకు చిన్న చిన్న కార్యక్రమాలు తీద్దాము. మనకు టవరు అక్కరలేదు, జైలు అక్కరలేదు, ఫోను చాలు. కథలు చెప్పే అవ్వలు మన వీధుల్లో ఇంకా ఉన్నారు. బొమ్మలు గీసే పిల్లలు ఉన్నారు. తమిళ బడిలో చదివే పిల్లలకు అక్షరాలు రాకపోయినా చెవులు ఉన్నాయి. ఒకటే షరతు, అవ్వ ‘ఎనుము’ అంటే ఎవరూ దిద్దకూడదు.

సర్వసభ్య సమావేశంలో కాదంటే కాదనండి, మా చేతనైనంత మేమే చేస్తాము. పోయిన ఆదివారం ఒకటి తీసినాము. ఎదురింటి అవ్వ ఎనుము తప్పిపోయిన కథ చెప్పింది, పదకొండు నిమిషాలు. మధ్యలో కుక్కర్ విజిల్ మూడుసార్లు వచ్చింది, తీసేయలేదు. కార్డిఫ్‌కు పంపినాము. కోడలు రాత్రి ఫోను చేసింది. పాప నాలుగుసార్లు చూసిందంట, ఎనుము చివరికి దొరికిందా లేదా అని అడుగుతా ఉందంట. అవ్వ ఆ ముక్క చెప్పడం మరచిపోయింది. వచ్చే ఆదివారం మళ్లీ పోవాల.