కోరుట్ల త్రోవలో సున్నపుబట్టీ

సంక్రాంతి సెలవులలో జగిత్యాలనుండి కోరుట్లమీదుగా సిరిసిల్లలోని మా ఆడుబిడ్డ యింటికి బయలుదేరితిమి. మూడేండ్లక్రింద కట్టించిన యింట గోడలనిండ గచ్చు పొక్కులుగా లేచి రాలుచున్నదని ఆమె వ్రాసియుండెను. జగిత్యాల దాటునపుడు కోటగోడలు చూచి మాకు వింత తోచెను. 18వ శతాబ్దమున నక్షత్రాకృతిగా కట్టిన యా కోటయు సున్నముతో కట్టినదే గదా!

కోరుట్ల దాటినంతట బాటప్రక్క బట్టీ కనబడగా మోటారు నాపించితిమి. అది నిలువుగొట్టమువంటి కట్టడము. పైనుండి ఒక వరుస రాయి, ఒక వరుస బొగ్గు పోయుదురు; క్రింది వాకిట కాలిన సున్నమును లాగుదురు. మంట నడుమనే యుండును. క్రిందనుండి యెక్కు గాలి దిగివచ్చు సున్నమును చల్లార్చుచు తాను వేడెక్కి మంటను చేరును; మంటనుండి లేచు సెగ పైరాతిని ముందుగనే కాచును. అన్నపుగిన్నెపై పప్పుగిన్నె నుంచి ఒక్క సెగతో రెండును వండుకొను సోదరీమణులకు ఈ యుక్తి క్రొత్తగాదు. గోతిలో పేర్చి కాల్చి, చల్లార్చి, మరల రాజబెట్టు పాతబట్టీలలో ఆ వేడిమి చాలవరకు గాలిపాలే.

సుమారు 900 డిగ్రీల వేడికి రాయి తనలోని బొగ్గుపులుసుగాలిని విడుచుననియు, 100 పాళ్ల మేలిరాతికి 56 పాళ్లే సున్నము మిగులుననియు మావారు చెప్పిరి. రాళ్లన్నియు ఇంచుమించు ఒక్క పరిమాణమున నుండవలెనట. పెద్దరాయి కడుపులో పచ్చిగా నిలుచును; చిన్నది అతిగా కాలి మొద్దుబారును. అట్టి బెడ్డలు తడిపినపుడు విరియక, గోడ నెక్కిన కొన్ని నెలలకు తేమ పీల్చి ఉబ్బి గచ్చును తన్నివేయును. మా ఆడుబిడ్డ గోడల గుట్టు అచటనే తెలిసెను!

ఇంతలో మా చిన్నవాడు చలికి బట్టీ నానుకొనియున్న పల్లమున ముడుచుకొని కూర్చుండెను. సున్నము లాగుచున్న యొక యామె పరుగున వచ్చి వాని రెక్క పట్టి లేపినది. “పోరన్ని ఆడ కూసోనియ్యకుండ్రమ్మా! ఎచ్చగున్నదని పండుకుంటే మల్ల లెవ్వడు.” బొగ్గుపులుసుగాలి బరువైనది, పల్లమున చేరును, బొగ్గు సరిగా కాలనిచో పుట్టు విషవాయువునకు రంగును లేదు, వాసనయు లేదు. మా గుండెలు చాలసేపు కుదుటపడలేదు.

ఆమె కన్నుల కడ్డము చినిగిన కొంగు తప్ప మరేమియు లేదు. చెమటకు తగిలిన సున్నము చర్మమును తినివేయును. ఇసుమంత వేడి పోనీయని యీ కట్టడమును కల్పించిన నేర్పరులు ఆమె నిలుచు తావునుగూర్చి యేమి తలంచిరో!

సిరిసిల్లలో మరమగ్గముల చప్పుడు నడుమ ఆడుబిడ్డను విచారింపగా, మేస్త్రీ సున్నమును తడిపిన దినముననే గోడకెక్కించెనని తెలిసినది. మరునాడు పెరటిలో తొట్టి కట్టించి, క్రొత్త సున్నమును జల్లించి నానవేయించితిమి. నీరు పడగనే అది కుతకుత నుడికెను. కంట చింది పడినచో తడవు సేయక చాలసేపు నీటితో కడుగవలెనని యింటివారికి చెప్పి, పిల్లలు తొంగిచూడకుండ తొట్టిపై తడిక మూయించితిమి.