రాట్నం మీద కుర్చీకి చోటు

గత శీతాకాలంలో మా మదరసా పిల్లలను హైదరాబాదు శివారులోని ఒక వినోద ఉద్యానానికి తీసుకువెళ్ళాము. వారిలో ఒకడు చక్రాల కుర్చీ విడిచి కదలలేడు, మరొకడికి ఆటిజం. కుర్చీతో రంగులరాట్నం ఎక్కనివ్వడం కుదరదన్నారు. యంత్రమే ఆ విధంగా ఉంది, పనివానిని నిందించి ప్రయోజనమేమి? తక్కినవారు గుర్రాలపై తిరుగుతుంటే వాడు అందరి సంచులూ ఒడిలో పెట్టుకున్నాడు.

"ఎక్కడికి వెళ్ళినా సంచుల కాపలా నాదే, మౌల్వీసాబ్" అన్నాడు నవ్వుతూ.

రెండవవాడు లౌడ్‌స్పీకర్ల హోరుకు చెవులు మూసుకుని విలపించాడు. జుహర్ వేళ నమాజు గదిలోకి వెళ్ళాక గాని కుదుటపడలేదు.

ఈతకొలనులో తోటి పిల్లలు తన కుమార్తెతో ఆడక తొలగిపోవడం చూసిన గోర్డన్ హార్ట్‌మన్ అనే తండ్రి, అమెరికాలోని శాన్ ఆంటోనియోలో 'మోర్గాన్స్ వండర్‌ల్యాండ్' నిర్మించాడు. 2010లో ప్రారంభమైన ఆ ఉద్యానంలో చక్రాల కుర్చీ నేరుగా రాట్నం మీదికీ, ఊయల మీదికీ ఎక్కుతుంది. వికలాంగులకు ప్రవేశం ఉచితం. టికెట్టులో రాయితీ మాకూ లభించింది, లభించనిది వాలుదారి.

తిరుగు ప్రయాణంలో ఈ సంగతి చెప్పగానే, "నా కుర్చీకి ఎంత చోటు కావాలి?" అని అడిగాడు వాడు. మరునాడు టేపుతో కొలిచి, ఆ కొలతలతో నిర్వాహకులకు లేఖ వ్రాశాము. జవాబు వచ్చిందా అని రోజూ అడుగుతున్నాడు.