రెండు బిందెల నీళ్ళు

మా అత్తగారికో అలవాటుంది. రాత్రి పడుకోబోయే ముందు రెండు బిందెల నిండా మంచినీళ్ళు పట్టి, మూతలు పెట్టి, వంటింట్లో ఓ మూల పెట్టుకోవాల్సిందే. విజయవాడలో మా అపార్ట్‌మెంటుకి ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళొస్తాయి. ఫిల్టరూ ఉంది. పొద్దున్నే ఆ బిందెలు ఖాళీ చేసి మొక్కలకి పోసేది నేనే. పదిహేనేళ్ళుగా లోలోపల విసుక్కుంటూనే ఉన్నాను.

మావాడు ఎనిమిదో క్లాసు. తుపాన్ల పాఠం అయ్యాక వాళ్ళ సోషల్ టీచరు పిల్లలందరికీ ఒక పని పెట్టారు. ఇంట్లో పెద్దవాళ్ళు చూసిన తుపాను గురించి మూడు నిమిషాల డిజిటల్ కథ చెయ్యాలట. ఒక పేజీకి మించకుండా రాసుకుని, తమ గొంతుతోనే చదివి రికార్డు చేసి, దానికి తగ్గ బొమ్మలు జత చెయ్యాలి. 1990ల్లో అమెరికాలో, కాలిఫోర్నియాలో కొందరు కళాకారులు మామూలు మనుషుల చేత తమ కథ తామే ఇలా చెప్పించడం మొదలుపెట్టారనీ, తర్వాత అది బళ్ళలోకీ వచ్చిందనీ పేరెంట్స్ మీటింగులో చెప్పారు.

మా అత్తగారి పుట్టిల్లు నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడ అక్కడే ఉన్నారని తెలుసు. అంతవరకే తెలుసు. ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అందుకని ప్రాజెక్టు నేనే భుజాన వేసుకున్నాను. ఇంటర్నెట్‌లో వరద ఫొటోలు తీసి, పది వేల మందికి పైగా పోయారని రాసిచ్చి, వెనకాల విషాదంగా మ్యూజిక్కు పెట్టించాను. చాలా బాగా వచ్చిందనుకున్నా. టీచరు చూసి మావాణ్ణి ఒకే మాట అడిగారట, "ఇందులో మీ నానమ్మ ఎక్కడుంది?" అని.

తలకొట్టేసినట్టయింది నాకు.

ఆ రాత్రి వాడు ఫోను పట్టుకుని నానమ్మ మంచం మీద కూర్చున్నాడు. "నానమ్మా, ఆ రోజు ఏం వండారు?" అన్నాడు. ఉప్పెన గురించి కాదు, వంట గురించి! ఆవిడ నవ్వారు. పొయ్యి అంటుకోలేదనీ, పొద్దుట్నించీ ఒకటే గాలనీ మొదలుపెట్టి, ఆగకుండా చెప్పుకుపోయారు. చీకట్లో నీళ్ళు మీదికి రావడం, వేపచెట్టు పట్టుకుని తెల్లార్లూ ఉండటం, చేతిలోంచి తమ్ముడి చెయ్యి జారిపోవడం. తెల్లారాక చుట్టూ కనుచూపుమేర నీళ్ళేనట. "గుక్కెడు తాగడానికి లేవురా నాన్నా. చెరువూ బావీ అన్నీ ఉప్పే. రెండ్రోజులు నాలుక పిడచకట్టుకుపోయింది" అన్నారు.

గుమ్మంలో నిలబడ్డ నా చూపు బిందెల మీదికి పోయింది.

అప్పటి ఫొటోలు మా దగ్గర ఒక్కటీ లేవు. మావాడు వేపచెట్టుని పెన్సిలుతో వేశాడు. నానమ్మ చేతుల్నీ, ఆ రెండు బిందెల్నీ ఫొటో తీశాడు. మ్యూజిక్కు వద్దన్నాడు. రాసిందంతా ముందు ఆవిడకి చదివి వినిపించాడు. "తమ్ముడి పేరు తీసెయ్ నాన్నా, అది నా దగ్గరే ఉండనీ" అన్నారు. తీసేశాడు. మార్కులు పోతాయేమోనని నాకే అనిపించింది, వాడికి ఆ ఆలోచనే రాలేదు.

క్లాసులో వేసినప్పుడు ఎవరూ చప్పుడు చెయ్యలేదట. తర్వాత ఒకమ్మాయి లేచి, పాఠంలో నీళ్ళు ఉప్పగా అయిపోతాయని ఎందుకు రాయలేదు మేడమ్ అని అడిగిందట. ఆ రోజు పీరియడంతా సముద్రం నీళ్ళు పొలాల్లోకీ బావుల్లోకీ వస్తే ఏమవుతుందన్నదే చర్చట.

మార్కులు ఎన్నొచ్చాయో చెప్పను లెండి, బాగానే వచ్చాయి.

ఇప్పుడు రాత్రిళ్ళు బిందెలు నేనే పడుతున్నాను. మొదటిరోజు అత్తగారు చూసి, "నీకెందుకమ్మాయ్ శ్రమ" అన్నారు. "ఉండనీండి అత్తయ్యా" అన్నాను. అంతకంటే ఏం అనాలో నాకు తెలియలేదు.