తాళాల గుత్తి

మా అమ్మ నడుముకి ఎప్పుడూ ఒక తాళాల గుత్తి వేలాడుతూ ఉండేది. ఆవిడ నడిస్తే గలగల, కూర్చుంటే గలగల. బీరువా తాళం, భోషాణం తాళం, ఎప్పుడో అమ్మేసిన ట్రంకుపెట్టె తాళం అన్నీ అందులోనే. ఆ గుత్తి ఎవరి దగ్గరుంటే ఇల్లు వాళ్లది. నాకా యోగం పట్టలేదు. మా ఇంటి తాళాల గుత్తి మావారి లాప్‌టాప్‌లో ఉంటుంది.

రెండు బ్యాంకులు, కరెంటు బిల్లు, గ్యాసు, ఆదాయపు పన్ను, ఆరోగ్య బీమా, అమ్మాయి కాలేజీ ఫీజు... దేని పాస్‌వర్డ్ దానిదే. వాటన్నిటినీ మావారు కీపాస్‌ఎక్స్‌సీ అనే పెట్టెలో పెట్టి, ఆ పెట్టెకి మరో పెద్ద తాళం వేశారు. బొత్తాలు నొక్కి వాడుకునే చక్కటి తెర కూడా దానికి ఉంది. ఆయనకది నచ్చదు. నల్లటి తెర మీద ఆజ్ఞలు టైపు చేస్తేనే తృప్తి. కమాండ్ లైన్ అంటారు.

"నువ్వూ నేర్చుకోవోయ్" అని వెంటపడ్డారు. బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని, నాకెందుకీ గొడవ అన్నాను. వదిలితేగా! నేర్చుకోక తప్పింది కాదు.

'ఎల్‌ఎస్' అంటే లోపలున్న వాటి పేర్లు వరసగా చదువుతుంది. 'షో' అంటే ఒకదాని వివరాలు చూపిస్తుంది. పాస్‌వర్డ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ప్రొటెక్టెడ్' అని ముసుగు కప్పుతుంది. ముసుగు తియ్యమని విడిగా అడగాలి. 'క్లిప్' అంటే పైకి చూపించకుండానే కాపీ చేసి చేతిలో పెడుతుంది. పది సెకన్లలో వాడుకోకపోతే లాగేసుకుంటుంది. 'ఆర్‌ఎం' అంటే తీసెయ్యమని. తీసెయ్యమన్నా వెంటనే పారెయ్యదు, బుట్టలో దాస్తుంది. బుట్టలోంచీ తీసెయ్యమని మళ్లీ చెబితేగాని పోదు. పాత డబ్బాలు పారేయలేని నాకు ఆ గుణం ఒక్కటీ బాగా నచ్చింది.

పెద్ద తాళం టైపు చేస్తుంటే తెరమీద చుక్కలు కూడా పడవు. మొదటిసారి కీబోర్డు చెడిపోయిందనుకుని కేకేశాను. "ఎన్ని అక్షరాలో కూడా పక్కవాడికి తెలియకూడదు" అన్నారు మావారు.

ఆ పెద్ద తాళం తయారైన వైనం చెప్పాలి. మన బుర్రలో పుట్టిన మాటని ఇంకొకరు ఊహించగలరట. అందుకని 7776 ఇంగ్లీషు మాటల జాబితా ఒకటుంది. పాచిక ఐదుసార్లు వేస్తే వచ్చిన అంకెల్ని బట్టి ఒక మాట. డైస్‌వేర్ అనే ఈ పద్ధతిని 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన పెట్టాడు. మావారు అమ్మాయి చిన్ననాటి వైకుంఠపాళీ పాచిక వెతికి తీసి, ముప్ఫైసార్లు వేసి, ఆరు మాటలు సంపాదించారు. ఒకదానికొకటి పొంతన లేని మాటలు.

"ఎక్కడా రాయకు, గుర్తుపెట్టుకో" అన్నారు.

పొంతన లేనివి నా బుర్రలో నిలవవు. ఆరింటినీ కలిపి చిన్న కథ అల్లుకున్నాను. అందులో ఒక జంతువూ, ఒక దుర్ఘటనా ఉన్నాయి. అంతకన్నా చెప్పను. "ఆఖరికి పాస్‌వర్డ్‌నీ వదల్లేదన్నమాట!" అని ఆయన పడీపడీ నవ్వారు.

కిందటేడు శ్రావణంలో ఆయనకి బైపాస్ ఆపరేషన్ అయింది. మూడోనాటికి కళ్లు తెరిచారుగాని, మాటలు ఒకదాని వెనక ఒకటి రావడం లేదు. కొందరికి అలా అవుతుంది, సర్దుకుంటుందన్నారు డాక్టరుగారు. సరిగ్గా అప్పుడే బీమా కాగితాలు ఆన్‌లైన్లో పంపాల్సి వచ్చింది. 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కితే కొత్తది ఆయన మెయిల్‌కి వస్తుంది. ఆ మెయిల్ పాస్‌వర్డూ పెట్టెలోనే! పెట్టెకి మాత్రం అలాంటి బొత్తాం లేదు. పెద్ద తాళం పోతే దాన్ని తయారుచేసినవాళ్లు కూడా తెరవలేరు.

ఆస్పత్రి వరండాలో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని టైపు చేశాను. తప్పన్నది. చేతులు వణుకుతున్నాయి, ఎక్కడ తప్పో కనబడదు. లోపలికెళ్లి ఆయన చెవిలో అడిగాను. రెండు మాటలు చెప్పారు. మూడోది రాలేదు. వెతుక్కుని వెతుక్కుని కళ్లు మూసుకున్నారు. కంటి చివరినుంచి నీళ్లు కారాయి. అన్నీ తెలిసిన మనిషి! అప్పుడు నాకు బీమా గురించి భయం వెయ్యలేదు.

మళ్లీ వరండాలోకొచ్చి, చంటిపిల్లకి చెప్పినట్టు నాకు నేనే కథ మొదటినుంచి చెప్పుకున్నాను. ఒక్కో మాట దగ్గర ఆగి ఒక్కో అక్షరం కొట్టాను. తెరుచుకుంది.

బీమా వివరాలకోసం 'షో' అన్నాను. ముసుగు కింద, 'నోట్స్' అన్నచోట, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు: "కంగారు పడకు. ముందు ఈ నంబరుకి ఫోన్ చెయ్యి. పాలసీ కాగితం బీరువాలో రెండో అరలో ఉంది." బ్యాంకు తెరిచాను. "ఇది నీ పేరునే ఉంది, ఎవర్నీ అడగక్కర్లేదు." కరెంటుదీ, గ్యాసుదీ, దేనికి తగ్గట్టు దానికి నాలుగు ముక్కలు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన నాకు ఒక్క ఉత్తరం రాయలేదని దెప్పుతూ ఉండేదాన్ని. అన్నీ అక్కడ దాచారు.

ఇప్పుడు ఆయన కులాసా. రోజూ నడుస్తున్నారు, ఉప్పు లేదని సణుగుతున్నారు. నేను మాత్రం ఆయన మాట జవదాటాను. ఆరు మాటలూ కాగితం మీద రాసి, కవరు అంటించి, ఒకచోట పెట్టాను. "రాయొద్దన్నానుగా!" అన్నారు. 1960ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ అనేదాన్ని అలవాటు చేసిన ఫెర్నాండో కోర్బాటోగారే, తన పాస్‌వర్డులు కాగితాల మీద రాసుకునేవాణ్నని 2014లో ఒక పత్రికతో ఒప్పుకున్నారని చెప్పాను. మా అమ్మ కూడా రెండో జత తాళాలు బియ్యం డబ్బాలో దాచేదని చెప్పాను. దేనికి మెత్తబడ్డారో తెలియదుగాని, ఊరుకున్నారు.

కవరు ఎక్కడుందో అమ్మాయికి చెప్పాను. కథ కూడా చెప్పాను. శ్రద్ధగా విని, "ముగింపు ఏం బాలేదమ్మా" అంది.